గ్రాముల లెక్కలో ఒక మహానగరం

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్, ఫిన్లాండ్ సేనలు సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్‌ను (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) 1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 దాకా దిగ్బంధించాయి. మగవాళ్లలో చాలామంది సైన్యంలో చేరడంతో ఊరి భారం ఆడవాళ్లే మోశారు. ఆ కష్టాన్ని నోటుపుస్తకాల్లో రాసిపెట్టినవాళ్లలోనూ ఎందరో ఆడవాళ్లున్నారు.

★ 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా కార్మికులకు రోజుకు 250 గ్రాముల రొట్టె ఇచ్చారు. మిగతా ఉద్యోగులకు, ఇంటిపట్టున ఉండేవాళ్లకు, పిల్లలకు 125 గ్రాములే. అందులోనూ పత్తిగింజల చెక్క, సెల్యులోజ్ కలిపేవారు. ఆనాటి డైరీల నిండా ఈ గ్రాముల లెక్కలే!

★ తాన్యా సవిచెవా అనే పదకొండేళ్ల పాప తన అక్క నీనా నోటుపుస్తకం తీసుకుని, అక్షరక్రమంలో ఉన్న పేజీల్లో ఒక్కొక్కరి పేరూ, చనిపోయిన తేదీ, వేళ రాసింది. మొదటి పేరు పెద్దక్క జెన్యాది: 1941 డిసెంబరు 28. చివరిది అమ్మది: 1942 మే 13. మొత్తం తొమ్మిది పేజీలు. ఇంట్లో తనొక్కతే మిగిలానని రాసుకుంది. నీనా, అన్న మిఖాయిల్ వేరేచోట బతికే ఉన్నారని అప్పటికి ఆమెకు తెలియదు. నగరం దాటించినా తాన్యా బతకలేదు. 1944 జులై 1న కన్నుమూసింది.

★ వడ్రంగులు వాడే జిగురుతో జెల్లీ చేసుకుని తిన్న సంగతి లేనా ముఖినా అనే స్కూలు విద్యార్థిని డైరీలో ఉంది. ఆమె 1991లో చనిపోయింది. డైరీ పుస్తకంగా వచ్చింది 2011లో.

★ రేడియోలో నగరానికి ధైర్యం చెప్పిన కవయిత్రి ఓల్గా బెర్గోల్ట్స్ భర్త 1942 జనవరిలో ఆకలికి బలయ్యాడు. పాలకుల మీద తన కోపాన్ని ఆమె డైరీలో దాచుకుంది. 1975లో ఆమె పోయేనాటికీ ఆ డైరీ పూర్తిగా అచ్చుకాలేదు.

★ అదే రేడియోలో పనిచేసిన లిదియా గింజ్‌బుర్గ్ తన అనుభవాలను ‘ఎన్’ అనే మగ పాత్ర మీద పెట్టి రాసింది. అందులో కొంత భాగం 1984లో గానీ వెలుగు చూడలేదు.

★ దిగ్బంధం జ్ఞాపకార్థం 1946లో తెరిచిన మ్యూజియాన్ని స్టాలిన్ ప్రభుత్వం 1949లో మూయించి, దాని డైరెక్టరును అరెస్టు చేసింది. అది మళ్లీ తెరుచుకున్నది 1989లో.

మ్యూజియానికి తాళం పడినా ఇళ్లలో దాగిన పుస్తకాలు సాక్ష్యం చెప్పాయి. మీ ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ రాసిన డైరీలో, పద్దు పుస్తకాలో ఉంటే పాత కాగితాలకు వేయకండి. భద్రపరచండి.