ఎస్‌ఎల్-1200: తాళం తప్పని పళ్లెం

డీజే ముందు రెండు రికార్డు ప్లేయర్లు, మధ్యలో మిక్సర్. ఒకదాని మీది పాట హాలంతా మోగుతుంటుంది. రెండోదాని మీది పాట ఇంకా బయటికి రాదు, డీజే హెడ్‌ఫోన్‌లో మాత్రమే వినిపిస్తుంది. మొదటి పాట అయిపోయేలోగా రెండోదాని వేగం సవరించి, దెబ్బకు దెబ్బ కలిపి, ఆడేవాళ్ల అడుగు తడబడకుండా ఒక పాటలోంచి ఇంకో పాటలోకి దాటించాలి. దీన్నే బీట్‌మ్యాచింగ్ అంటారు. కాడికి కట్టిన జోడెడ్లలా రెండు పాటలూ సమంగా నడిస్తేనే పని జరిగినట్టు.

లెక్క చూస్తే ఇది ఎంత సన్నని పనో తెలుస్తుంది. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య అర సెకను ఉంటుంది. రెండో పాట 120.5 వేగంతో నడిస్తే నిమిషం తిరిగేసరికి అర దెబ్బ ముందుకు పోతుంది. అంటే ఒకదాని దెబ్బ సరిగ్గా రెండోదాని ఖాళీలో పడుతుంది. తేడా 0.1 మాత్రమే అయినా నిమిషానికి 50 మిల్లీసెకన్లు పేరుకుంటాయి. ఒక్క దెబ్బ మోగాల్సిన చోట రెండు మోగడానికి అది చాలు.

1970 ప్రాంతంలో న్యూయార్క్‌లో, ఒకప్పటి చర్చి భవనంలో నడిచిన శాంక్చువరీ క్లబ్బులో ఫ్రాన్సిస్ గ్రాసో ఈ విద్యకు దారి వేశాడు. లెడ్ జెప్పెలిన్ పాడిన ‘హోల్ లాటా లవ్’ మధ్యభాగాన్ని, షికాగో బృందం ‘అయామ్ ఎ మ్యాన్’లోని డ్రమ్ముల మీద నడిపించిన ఘనత అతనిది. ఆ రెండూ మనుషులు వాయించినవే. డ్రమ్ములు ఎక్కడ పరుగెత్తుతాయో, ఎక్కడ నెమ్మదిస్తాయో గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని అది.

అప్పటి రికార్డు ప్లేయర్లు చాలావరకు రబ్బరు బెల్టుతోనో, రబ్బరు చక్రంతోనో తిరిగేవి. రబ్బరు సాగుతుంది, అరుగుతుంది. వేలితో పళ్లెం ఆపి వదిలితే మళ్లీ వేగం అందుకోవడానికి సమయం పడుతుంది. జపాన్‌లోని మత్సుషితా కంపెనీలో షుయిచి ఒబాటా అనే ఇంజనీరు బెల్టునే తీసేశాడు. మోటారు ఇరుసునే పళ్లెం ఇరుసుగా చేశాడు. అలా 1970లో టెక్నిక్స్ బ్రాండు మీద ఎస్‌పీ-10 మార్కెట్లోకి వచ్చింది. ఇంట్లో పాటలు వినేవాళ్ల కోసం 1972లో ఎస్‌ఎల్-1200 వచ్చింది. డీజేలు దాన్ని క్లబ్బులకు ఎత్తుకెళ్లారు.

1979లో వచ్చిన దాని రెండో రూపం ఎంకే2 అసలు సిసలు డీజే యంత్రం. బరువు 11 కిలోలు. బటన్ నొక్కిన 0.7 సెకన్లలో పళ్లెం నిమిషానికి 33⅓ చుట్ల వేగం అందుకుంటుంది. క్వార్ట్జ్ స్ఫటికపు స్పందనలతో మోటారు వేగాన్ని నిరంతరం సరిచూసే సర్క్యూట్ లోపల ఉంటుంది. ముల్లు రాపిడికి పళ్లెం నెమ్మదిస్తే, అది వెంటనే సవరిస్తుంది. పళ్లెం అంచున చుక్కల వరుసలు ఉంటాయి. వేగం సరిగ్గా ఉంటే, పక్కనున్న ఎర్ర దీపం వెలుగులో ఒక వరుస కదలకుండా నిలిచినట్టు కనిపిస్తుంది. కుడివైపు నిలువుగా జరిపే మీటతో వేగాన్ని 8 శాతం వరకు పెంచవచ్చు, అంతే తగ్గించవచ్చు. పూర్తిగా పెంచితే 120 దెబ్బల పాట దాదాపు 130కి చేరుతుంది. కానీ శ్రుతి కూడా ఒక స్వరస్థానం కన్నా ఎక్కువే పెరిగి గాయకుడి గొంతు మారిపోతుంది.

ఇంత నిక్కచ్చి యంత్రం మీద కూడా కొన్ని రికార్డులు జత కుదరవు. చాలామంది ముందుగా అనుమానించేది రికార్డు మధ్య రంధ్రాన్ని. అది నడిమధ్యన లేకపోతే శ్రుతి ఊగుతుంది, నిజమే. రంధ్రం 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే, కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరంలోని గాడి దగ్గర వేగం 0.2 శాతం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అయితే 1.8 సెకన్లకు ఒక చుట్టు పూర్తవుతుంది, ఆ లోపే పెరిగింది తరిగి సరిపోతుంది. దెబ్బ చోటు మారేది దాదాపు ఒక మిల్లీసెకను. తాళం తప్పడానికి అది చాలదు.

మీటలో మాత్రం చిన్న లోపం ఉంది. ఎంకే2లో సున్నా దగ్గర టిక్కుమని పట్టే గంటు ఉంటుంది. దాని చుట్టుపక్కల మీటను కొంచెం జరిపినా వేగం మారదు. కాబట్టి 0.1, 0.2 శాతం సవరణ మాత్రమే కావాల్సిన రికార్డు డీజేని బాగా ఏడిపిస్తుంది. తర్వాతి కొన్ని మోడళ్లలో ఆ గంటు తీసేశారు.

అసలు కారణం గాడిలోనే ఉంది. 1969 నాటి రోలింగ్ స్టోన్స్ పాట ‘హాంకీ టాంక్ విమెన్’ మొదట్లో ఉన్న వేగంతో ముగియదు. నడుస్తున్నకొద్దీ ఊపందుకుంటుంది. ఆ ఊపే దాని అందం. డ్రమ్మరు చరణంలో నింపాదిగా వాయించి, పల్లవికి వచ్చేసరికి ఉరకడం సహజం. ఇలాంటి రికార్డుకు ఒకసారి వేగం కుదిర్చి చేతులు కట్టుకుంటే కుదరదు. పాట సాగినంతసేపూ మీట మీద చేయి ఉండాల్సిందే. పళ్లెం వేగం కదలకుండా నిలిచాకే డ్రమ్మరు చేతిలోని ఈ కదలిక అంత స్పష్టంగా బయటపడింది.

1977లో రెండు పాటలు ఈ సంగతిని మార్చాయి. బీజీస్ బృందం ఫ్రాన్స్‌లో ‘స్టేయింగ్ అలైవ్’ రికార్డు చేస్తుండగా డ్రమ్మరు డెన్నిస్ బ్రయాన్ కుటుంబ కారణాలతో వెళ్లాల్సి వచ్చింది. ‘నైట్ ఫీవర్’ టేపు నుంచి రెండు ఆవర్తాల డ్రమ్ములు కత్తిరించి, ఆ ముక్కను వలయంగా అతికించి పదేపదే తిప్పారు. రికార్డు మీద డ్రమ్మరుగా ‘బెర్నార్డ్ లూప్’ అనే లేని మనిషి పేరు వేశారు. అదే ఏడాది జార్జియో మొరోడర్ మ్యూనిక్‌లో డొన్నా సమ్మర్‌తో చేసిన ‘ఐ ఫీల్ లవ్’ యంత్రపు గతి మీద కట్టిన పాట. అందులో కిక్ డ్రమ్ మాత్రం కీత్ ఫోర్సీ కాలితో వాయించాడు. 1980లో రోలండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ యంత్రం తెచ్చింది. ముంబై సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో అది కొట్టే డిస్కో తాళం మీదే పది రాగాలను వాయించి రికార్డు వేశాడు. ఈ కోవ రికార్డులను కలపడం కొత్తవాళ్లు కూడా నేర్చుకోగలరు.

వేగం నిలకడగా ఉన్నా మొరాయించే రికార్డులు ఇంకొన్ని ఉన్నాయి. పాట ఎక్కడ ఎత్తుకుంటుందో చెవికి దొరకదు. తాళం మొదలయ్యాక పాట ఎత్తుకునే అనాగతం కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు పరిచయమే. అలాంటి ఎత్తుగడ ఉన్న రికార్డులో డీజే మొదటి దెబ్బ అనుకున్నది నిజానికి రెండోది కావచ్చు. తిశ్ర నడకలో ఊగే పాటను చతురశ్రంలో నడిచే పాట మీద పెడితే పెద్ద దెబ్బలు కలుస్తాయి, చిన్నవి కొట్టుకుంటాయి. నిమిషం పాటు డ్రమ్ములే లేకుండా సాగే ఆరంభమైతే పట్టుకోవడానికి ఆధారమే ఉండదు.

2010లో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 తయారీ ఆపేసింది. అప్పటికి 35 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. అభిమానుల కోరిక మీద 2016లో మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్లలో సింక్ బటన్ ఉంటుంది, నొక్కితే రెండు పాటలూ వాటంతటవే కలుస్తాయి. పాట మొత్తానికీ ఒకే వేగం ఉందనుకుని సాఫ్ట్‌వేర్ దెబ్బలు పడే చోట్లకు గళ్లు గీస్తే మాత్రం మనిషి వాయించిన పాట దగ్గర ఆ బటన్ బోల్తా పడుతుంది. మద్రాసు స్టూడియోల్లో వాద్యబృందమంతా ఒకేసారి కూర్చుని వాయించిన పాత తెలుగు సినిమా పాటలను బరాత్‌లో కొత్త బీట్‌తో కలపబోయే డీజేకి ఎదురయ్యే చిక్కూ ఇదే. గళ్లను చేత్తో జరిపి సరిచేయాలి, లేదా చెవిని నమ్ముకోవాలి.

పాఠకులు దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ తెరిచి ‘హాంకీ టాంక్ విమెన్’ ఆరంభపు వేగానికి కుదిర్చి పాట చివరిదాకా వినండి. తర్వాత ‘స్టేయింగ్ అలైవ్’తోనూ అలాగే చేసి చూడండి.