పది రూపాయల పార్కింగ్ చీటీ పారేయకండి

అంతర్వేది తీర్థంలోనో, అమలాపురంలో సినిమా హాలు దగ్గరో బండి పెడతాం. చీటీ రాసే అతను బండి నంబర్‌తో పాటు ఒక్కోసారి ఫోన్ నంబర్ కూడా అడుగుతాడు. కాపలాకి బండి నంబర్ చాలు కదా! రెండూ ఒకే టేబుల్‌లో చేరితే మాత్రం ఇన్సూరెన్స్ అమ్మేవాళ్లకి అది మంచి లిస్టు.

ఆ లిస్టు అమ్మేస్తే కోర్టుకి వెళ్లొచ్చా? బ్రిటన్‌లో అయితే వెళ్లొచ్చు, మనోవేదనకి కూడా పరిహారం అడగొచ్చు. మన 2023 డేటా రక్షణ చట్టం దారి వేరు. 2025 నవంబర్‌లో రూల్స్ వచ్చాయి, కంపెనీల ముఖ్య బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఫిర్యాదు వెళ్లేది డేటా ప్రొటెక్షన్ బోర్డుకే, సివిల్ కోర్టుకి కాదు. జరిమానా 250 కోట్ల దాకా ఉన్నా అది ప్రభుత్వ ఖజానాకే పోతుంది. మనకి రూపాయి రాదు.

ఇంకో దారి ఉంది. నమ్మి ఇచ్చిన వివరాలు చట్టం ఒప్పుకోని పద్ధతిలో వేరేవాళ్లకి ఇస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేసి నష్టపరిహారం అడగొచ్చు. పార్కింగ్ లాంటి చిన్న మొత్తాలకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. డబ్బు కట్టామనడానికి రుజువు ఆ చీటీయే.

లీక్ చేసింది వాళ్లేనని చూపించడమే కష్టం. అందుకే పేరు అడిగితే నేను ఇంటిపేరు చివర పెట్టి చెప్తా. ఫోన్ చేసినవాడు అదే వరసలో పిలిస్తే ఒక ఆధారం దొరికినట్టే.