మీకు తెలుసా? ఎండ మరీ ఎక్కువైతే ఆకు సర్దుకుంటుంది!

మిట్టమధ్యాహ్నం ఆకు మీద పడే వెలుగంతా కిరణజన్య సంయోగక్రియకు ఖర్చు కాదు. మిగిలిన శక్తి ఆకుకే హాని చేస్తుంది.

అందుకే వెలుగు పెరిగిన కొద్ది నిమిషాల్లోనే వయొలాజాంథిన్ అనే పసుపు వర్ణద్రవ్యం జియాజాంథిన్‌గా మారుతుంది. అదనపు శక్తి వేడిగా బయటికి పోవడానికి ఇది తోడ్పడుతుంది. హరితరేణువులు కూడా కణం పక్క గోడల వైపు జరిగి, ఒకదాని నీడలో ఒకటి చేరతాయి. వెలుగు తగ్గితే తిరిగి వచ్చి పరుచుకుంటాయి.

అయితే మబ్బు పట్టగానే ఈ రక్షణ వెంటనే ఆగదు. ఆ కాసేపు పనికొచ్చే శక్తి కూడా వేడిగా పోతుంది కాబట్టి మొక్క ఎదుగుదల తగ్గుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మూడు జన్యువుల పనితీరు పెంచి, పొగాకు మొక్కల్లో ఈ ఆలస్యాన్ని తగ్గించారు. పొలంలో అవి మామూలు మొక్కలకంటే సుమారు 15 శాతం ఎక్కువ పెరిగాయి. ఈ ఫలితాలు 2016లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి.