చుక్కలు మాయమైనా వ్యాధి పోదు

అండమాన్ దీవుల పగడపు దిబ్బల్లో క్లౌన్ చేపలు ఉంటాయి. నారింజ రంగు ఒంటిమీద తెల్లని పట్టీలతో ముచ్చటగా ఉండే ఈ చేపను ఇళ్లలో గాజు తొట్టిలో పెంచేవారూ ఉన్నారు. లీటరు మంచినీటికి సుమారు 35 గ్రాముల సముద్ర లవణాలు కలిపిన నీటిలో అది హాయిగా బ్రతుకుతుంది.

ఒకనాడు ఆ చేప మేత ముట్టదు. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది. మొప్పలు గబగబా ఆడిస్తుంది. ఒంటిమీద ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపిస్తాయి. ఇది సముద్రపు చేపలకు వచ్చే తెల్లమచ్చల వ్యాధి. 1990 దశకంలో ఆంధ్రప్రదేశ్ తీరాన రొయ్యల చెరువులను దెబ్బతీసిన తెల్లమచ్చల వ్యాధి వేరు. అది వైరస్ వల్ల వచ్చేది.

చేపల వ్యాధికి కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. ఇది చేప చర్మంలోకీ మొప్పల్లోకీ దూరి, అక్కడి కణాలను తిని పెరుగుతుంది. మొప్పలు చెడితే చేపకు ఊపిరి ఆడదు. ఇంకొక ముప్పు కూడా ఉంది. సముద్రపు నీరు చేప ఒంటిలోని ద్రవాలకంటే ఎంతో ఉప్పన. అందువల్ల ఒంటిలోని నీరు ఎప్పుడూ బయటికి పోతూ ఉంటుంది. చేప సముద్రపు నీటినే తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా వదిలి, ఆ లోటు పూడ్చుకుంటుంది. చర్మం, మొప్పలు దెబ్బతింటే ఈ పని సాగదు. నీటిలో ఉంటూనే చేప ఎండిపోతుంది.

మూడు నుంచి ఏడు రోజుల్లో చుక్కలు మాయమవుతాయి. వ్యాధి నయమైందని పెంచేవారు సంబరపడతారు. నిజానికి పరాన్నజీవి కడుపు నిండి కిందికి రాలింది, అంతే. అది ఇసుకకో రాయికో అంటుకుని, చుట్టూ గట్టి పొర కట్టుకుంటుంది. ఆ గుళికలో చీలుతూ చీలుతూ వందల జీవులవుతుంది. అవి సాధారణంగా మూడు రోజుల నుంచి నాలుగు వారాల లోపు బయటపడతాయి. 72 రోజుల దాకా ఆగినవి కూడా ఉన్నాయి. బయటపడినది ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోలేకపోతే చస్తుంది. విశాలమైన సముద్రంలో చాలా వాటి గతి అంతే. ఇరుకు తొట్టిలో మాత్రం చేప తేలికగా దొరుకుతుంది. అందుకే రెండోసారి చుక్కలు మరింత ఎక్కువగా వస్తాయి.

కనుక చేపకు వైద్యం చేస్తే చాలదు. తొట్టి సంగతి కూడా చూడాలి. రాగి కలిసిన మందు ఈదే పరాన్నజీవులను చంపుతుంది. కాని తొట్టిలోని రొయ్యలను, నత్తలను, పగడపు జీవులను కూడా చంపుతుంది. గుళికలను మాత్రం ఏమీ చేయలేదు. అందువల్ల చేపలన్నింటినీ ఇసుక లేని వేరే తొట్టిలోకి మార్చి, మత్స్య నిపుణుల సలహా ప్రకారం, కొలతతో మందు వాడాలి.

మందు లేని పద్ధతి కూడా ఉంది. మూడు రోజులకు ఒకసారి చేపను కొత్త ఉప్పునీరు పోసిన శుభ్రమైన తొట్టిలోకి మార్చాలి. ఇలా నాలుగుసార్లు చేయాలి. రాలిన గుళికలు పగిలే లోపే చేప అక్కడి నుంచి వెళ్లిపోతుంది. ఖాళీ చేసిన తొట్టిని, వలను కడిగి బాగా ఆరబెట్టాలి. పాత తొట్టిలో 76 రోజులపాటు చేప ఉండకూడదు. ఆహారం దొరకక పరాన్నజీవి నశిస్తుంది. రొయ్యలను, నత్తలను అది పీడించదు కాబట్టి అవి అక్కడే ఉండవచ్చు.

కొత్తగా కొన్న చేపను నెల రోజులు విడిగా ఉంచి గమనిస్తే ఇంత కష్టం రాదు. ఆత్రపడి వెంటనే పాత చేపల్లో కలిపి, తర్వాత మందులకై పరుగెత్తడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. సముద్రంలో చేప అపాయం నుంచి ఈదిపోగలదు. గాజు గోడల మధ్య దానికి పారిపోయే దారి లేదు. అక్కడ దాని ప్రాణం పెంచేవారి ఓర్పు మీదే ఆధారపడి ఉంటుంది.

అర్థాలు
పరాన్నజీవి: మరొక జీవిని ఆధారం చేసుకొని, దానికి హాని చేస్తూ బ్రతికేది
మొప్పలు: చేప ఊపిరి తీసుకునే అవయవాలు

ప్రశ్నలు
1. నీటిలో ఉన్న చేప ఎండిపోవడానికి కారణమేమి?
2. చుక్కలు మాయమైనా వ్యాధి నయం కాలేదని ఎలా చెప్పగలరు?
3. చేపను మూడు రోజులకు ఒకసారి ఎందుకు మార్చాలి?