చోడి రొట్టె పొంగాలంటే

ఉత్తరాంధ్రలో బ్రెడ్డు చాన్నాళ్లు జ్వరమొచ్చిన మనిషి తిండి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లని చూడబోతే ఒక చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు, రెండో చేతిలో బత్తాయిలు. ఒంట్లో బాగున్నవాడికి చోడంబలి, అంటే రాగి అంబలి. ఇప్పుడు నగరాల్లో ఆ బ్రెడ్డులోకే ఈ చోడి చేరింది. చేరడంతోనే ‘ఏన్షియంట్ గ్రెయిన్’ అని పేరు మారింది, రేటూ మారింది.

నర్సీపట్నం వాళ్లకు ఇది వింతే. అనకాపల్లి జిల్లాలోని ఈ ఊరు దాటి ఘాట్ రోడ్డెక్కితే లంబసింగి, ఆపైన చింతపల్లి. ఆ మన్యం కొండవాలుల్లో చోళ్లు, సామలు, కొర్రలు తరాలుగా పండుతున్నాయి. కొత్త పంటను ముందు దేవతకు, పెద్దలకు పెట్టి, కొర్రకొత్త పండగ చేసుకున్నాకే నోట్లో వేసుకునే ఆచారం అక్కడిది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది కానీ, చోడి కోసం విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే పనిచేస్తోంది. గింజ తెల్లగా ఉండే ‘హిమ’ రకం అక్కడిదే. గింజ దగ్గర్లో ఉంది, పిండి మర వీధిలో ఉంది. ఇంకేం కావాలి?

పొంగు కావాలి. చిక్కంతా అక్కడే.

గోధుమ పిండిలో నీళ్లు పోసి పిసికితే సాగే జిగురు పుడుతుంది. దాని పేరు గ్లూటెన్. ఈస్ట్ వదిలే గాలిని ఆ జిగురు బుడగల్లా పట్టి ఉంచుతుంది కాబట్టే బ్రెడ్డు ఉబ్బుతుంది. చోడిలో ఆ జిగురు లేదు. ఉట్టి చోడి పిండితో బ్రెడ్డు చేయబోతే చేతికొచ్చేది ఇటుక. గోధుమ పిండిలో నాలుగో వంతు చోడి కలిపితే రంగూ రుచీ వస్తాయి, పొంగు పెద్దగా తగ్గదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో పండే ఖాప్లీ గోధుమ కూడా పాతకాలపు ధాన్యమే. అందులో జిగురు ఉంది కానీ బలం తక్కువ. ఎక్కువ పిసికితే పిండి జారిపోతుంది. గ్లూటెన్ పడనివాళ్లకు అదీ పనికిరాదు, అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే.

తాజా పిండి సంగతి వేరే. గింజలోని మొలకలో నూనె ఉంటుంది. పిండి నిలవ ఉండాలని పెద్ద మిల్లులు ఆ మొలకనూ పొట్టునూ తీసేస్తే మిగిలేది మైదా. వీధి మరలో అన్నీ కలిసే నలుగుతాయి. అందుకే ఆ కమ్మటి వాసన, అందుకే తొందరగా పాడవడం కూడా. గంట్ల (సజ్జల) పిండి మరీ అన్యాయం, కొద్ది రోజులకే చేదెక్కుతుంది. చోళ్ల తీరు వేరు. గింజగా ఉంచితే ఏళ్లు గడిచినా పురుగు ముట్టదు. సామలు, కొర్రల్లా దంచి పొట్టు తీసే పనీ లేదు, నేరుగా మరలో పోయొచ్చు. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైమాటే.

మర దగ్గర ఒక జాగ్రత్త. మనకంటే ముందు ఆడించుకున్నవాళ్ల పిండి కొంత మన డబ్బాలోకి వస్తుంది. ఇంట్లో గ్లూటెన్ పడనివాళ్లుంటే, ముందు పోసినవి గోధుమలో ఇంకేమిటో అడగడం తప్పు కాదు. మరలోంచి వచ్చిన పిండి వేడిగా ఉంటుంది. కాగితం మీద పరిచి చల్లారనిచ్చాకే కలపాలి. పొట్టు నీళ్లు తాగుతుంది కాబట్టి మైదాకు పోసిన కొలత దీనికి చాలదు.

చోడి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాలు. అక్కడి ఇథియోపియాలో దానికి దాయాది లాంటి టెఫ్ అనే గింజ ఉంది. దాని పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి ఇంజెరా అనే పెద్ద అట్టు పోస్తారు. ఆ అట్టు నిండా చిల్లులే. గ్లూటెన్ లేకపోయినా పులుపుతో పని జరిపించారు వాళ్లు.

మనవాళ్లు ఆ పని మినప్పప్పుకు అప్పగించారు. ఇడ్లీ పిండి పొంగేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా వల్లేనని శాస్త్రవేత్తలు తేల్చారు. అది వదిలే గాలిని పట్టి ఉంచేది మినుముల బంక. గోధుమలో గ్లూటెన్ చేసే పనే ఇది. అంటే జిగురు లేని ధాన్యంతో మెత్తటి రొట్టె ఎలాగన్న ప్రశ్నకు జవాబు దిబ్బరొట్టె రూపంలో మన వంటింట్లోనే ఉంది. మందపాటి గిన్నెలో పిండి పోసి, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చేవారు. కింద సెగ, పైన సెగ. ఓవెన్ చేసేది మాత్రం ఇంతకన్నా ఏముంది?

ఒక పాలు మినప్పప్పు నానబెట్టి రుబ్బి, రెండు పాళ్ల చోడి పిండి కలిపి రాత్రంతా ఉంచాలి. లంబసింగిలో మంచు పడే రోజుల్లో రాత్రి చాలదు, మర్నాడు మధ్యాహ్నం దాకా ఆగాల్సిందే. మందపాటి మూకుట్లో నూనె వేసి, రెండంగుళాల మందాన పోసి, మూత పెట్టి సన్న సెగ మీద వదిలేయాలి. అడుగు ఎర్రగా కాలి, అంచు మూకుడిని వదిలాక తిరగేయాలి. పక్కన అనకాపల్లి బెల్లం ముక్క ఉంటే బ్రెడ్డుకి జామ్ కొనే ఖర్చు తప్పుతుంది.

మరకు వెళ్లినప్పుడు మాత్రం వారానికి సరిపడా ఆడించుకోండి, చాలు. మిగతా చోళ్లు గింజగానే డబ్బాలో ఉండనివ్వండి.