గట్టిగా బిగిస్తే పన్ను కదలదు

నల్లపాడు: పెళ్లి ముహూర్తం దగ్గర పడిందనో, కళాశాలలో చేరేలోగా ముగించాలనో పళ్లకు వేసిన క్లిప్పులను మరికాస్త గట్టిగా బిగించమని దంత వైద్యులను కోరేవారు ఉంటారు. బలం పెంచితే పన్ను త్వరగా జరుగుతుందన్నది వారి లెక్క. ఎముక లెక్క వేరు.

పన్ను దవడలో దిగగొట్టిన మేకు కాదు. వేరుకూ ఎముకకూ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన మెత్తని నారపొర ఉంటుంది. తీగ లాగినప్పుడు ఆ పొర నలిగిన వైపు ఎముకను కరిగించే కణాలు చేరతాయి. సాగిన వైపు కొత్త ఎముకను నిర్మించే కణాలు పనిలోకి దిగుతాయి. ముందు కరుగుతూ, వెనుక పూడుతూ ఉండగా పన్ను నెలకు దాదాపు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. స్వీడన్‌కు చెందిన శాండ్‌స్టెట్ 1900ల తొలినాళ్లలోనే కుక్కలపై ప్రయోగాలతో ఈ మార్పును సూక్ష్మదర్శినిలో గుర్తించారు.

బలం మితిమీరితే పొరలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోయి అక్కడి కణాలు చనిపోతాయి. ఆ భాగాన్ని శరీరం తొలగించుకునే దాకా పన్ను వారాల తరబడి ఉన్నచోటే ఉంటుంది. వేరు కొస అరిగిపోయే ముప్పు సైతం పెరుగుతుంది. తొందర పెట్టినందుకు దక్కేది ఆలస్యమే.

తీగ ఒత్తిడి ఆజ్ఞ ఇస్తుంది గానీ, దానిని ఎముక ఎంత వేగంగా అమలు చేస్తుందన్నది కొంతవరకు హార్మోన్ల చేతిలో ఉంది. థైరాయిడ్, పారాథైరాయిడ్ హార్మోన్లు అధికమైతే ఎముక మార్పిడి వేగవంతమవుతుంది. థైరాయిడ్ తగ్గితే మందగిస్తుంది. ఈస్ట్రోజెన్ ఎముక కరగడాన్ని అదుపు చేస్తుంది. అందుకే అండాశయాలు తొలగించిన జంతువుల్లో పళ్లు వేగంగా కదిలినట్లు ప్రయోగాల్లో తేలింది. అలాగని హార్మోన్‌ను సూదితో ఎక్కించి చికిత్సను త్వరగా ముగించవచ్చనుకోవడం పొరపాటు. రిలాక్సిన్ హార్మోన్‌తో మనుషులపై జరిపిన పరీక్షలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

చిక్కంతా ఇక్కడే. గుంటూరు ఆసుపత్రులకో, తక్కెళ్లపాడు సిబార్ దంత కళాశాలకో వెళ్లిన వారు పంటికీ థైరాయిడ్ మాత్రకూ సంబంధమేమిటని ఆ సంగతి చెప్పకపోవచ్చు. ఉబ్బసానికి దీర్ఘకాలం మింగే స్టెరాయిడ్లు, ఎముకల బలానికి వాడే బిస్ఫాస్ఫొనేట్లు, అదుపులో లేని మధుమేహం కూడా చికిత్స గతిని మారుస్తాయి. వీటిని ముందే తెలిపితే వైద్యులు బలాన్ని, బిగింపుల మధ్య వ్యవధిని తగినట్లు నిర్ణయిస్తారు. క్లిప్పుల కోసం ఏ మందునూ సొంతంగా మానరాదు.

బిగించిన రాత్రి నొప్పికి మందుల దుకాణంలో ఐబుప్రొఫెన్ కొని రోజుల తరబడి మింగడం కూడా తగదు. ఎముక కరగడానికి తోడ్పడే ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అది అడ్డుకుంటుంది. అవసరమైతే వైద్యుని అడిగి పారాసిటమాల్ వాడుకోవచ్చు.