సముద్రమున గాలితుపాకులు

కృష్ణా గోదావరులు సముద్రమున గలియు తావుల కెదురుగా, బంగాళాఖాతపు లోతునీళ్ల యడుగున, 2002వ సంవత్సరమున సహజవాయువు దొరకినదనియు, 2009లో దానిని పైకి దీయ నారంభించిరనియు మన సోదరీమణులలో పెక్కండ్రు వినియే యుందురు. అంతటి నీటిక్రింద, ఆ నీటి యడుగు మట్టికిని రాతికిని క్రింద నున్నదానిని ఎట్లు కనుగొనిరని మాకు చాలకాలము సందేహముండెను.

కుండ కొనునపుడు మనము వ్రేలితో తట్టి చూతుము. మ్రోతనుబట్టి బీట తెలియును. సముద్రమునందును జరుగునది యిదియే. ఓడ వెనుక, నీటిలో కొలదిమీటర్ల లోతున, గాలితుపాకులు వ్రేలాడుచుండును. పేరునకు తుపాకులే గాని గుండు లేదు, మందు లేదు. చదరపు అంగుళమునకు 2000 పౌనుల యొత్తిడితో కుదించిన గాలిని ఒక్కపెట్టున నీటిలోనికి విడుచును. ఆ మ్రోత సెకనునకు సుమారు 1500 మీటర్ల వేగమున నీటిని దాటి, నేలలోని రాతిపొరలకు దగిలి మరలివచ్చును. కిలోమీటర్ల పొడవున ఓడ లాగుకొనిపోవు త్రాళ్లలోని శ్రవణయంత్రములు ఆ ప్రతిధ్వనిని పట్టుకొనును. పది పదునైదు సెకనుల కొకమారు చొప్పున రేయింబవళ్లు ఇట్లే సాగును. పూర్వము దీనికై సముద్రమున డైనమైటు ప్రేల్చెడివారు.

అయితే ఇందొక చిక్కు గలదు. వెలువడిన గాలి బుడగయై యుబ్బును, ముడుచుకొనును, మరల నుబ్బును. ఉబ్బినప్పుడెల్ల మరియొక మ్రోత పుట్టి అసలు ప్రతిధ్వనిని చెరచును. నీటిలోని బోలు ముడుచుకొను తీరును ఇంగ్లండునందు రేలీ ప్రభువు 1917లోనే గణితముచే తేల్చెను. తుపాకిలోని గాలి యెనిమిదిరెట్లయినచో బుడగ ఊగుటకు బట్టు కాలము రెండురెట్లగును. కావున వేర్వేరు పరిమాణముల తుపాకులను వరుసగా గట్టి ఒక్కమారే ప్రేల్చిన, మొదటి మ్రోతలన్నియు గలిసి బలపడును. తరువాతివి తలకొక సమయమున వచ్చి, యొకదాని నొకటి యణచివేయును.

ఇంకొక వింత. గాలి యెనిమిదిరెట్లు చేసినను మ్రోత రెండురెట్లే యగును. పెద్దతుపాకి యొక్కదానికి బట్టు గాలిని ఎనిమిది చిన్నవానికి పంచినచో, అన్నియు గలిసి యించుమించు నాలుగురెట్లు మ్రోయును! ఉమ్మడి కుటుంబమున పెరిగిన మా కిది యంత వింతగా దోచలేదు. మరీ దగ్గరగా నుంచినచో ఒకదాని బుడగ వేరొకదానిని కలచునట. ఇదియు మాకు క్రొత్తగాదు.

లోతును గూడ లెక్కింపవలయును. నీటి పైతలమునుండి మ్రోత తలక్రిందులై తిరిగివచ్చుటచే, తుపాకి 7.5 మీటర్ల లోతున నున్నచో సెకనునకు 100 కంపనముల ధ్వని నేలకు దిగువైపున మాసిపోవును. ఇన్ని తుపాకులకు పరిమాణము, చోటు, లోతు నిర్ణయించుట చేతిలెక్కకు లొంగదు. 1970లో జియోల్కోవ్‌స్కీ యనునాయన ఒక్క తుపాకి మ్రోతను కంప్యూటరుచే లెక్కగట్టు విధానమును ప్రకటించెను. నేడు అంతర్జాలము ద్వారా నడుచు సాఫ్ట్‌వేరులే గలవు. తుపాకిని తెరపై కొంచెము జరిపినంతనే మ్రోత మారురూపు కనబడును. పని నడుమ నొక తుపాకి చెడినచో, మిగిలినవానితో సాగింపవచ్చునో, ఆపి బాగుచేయవలయునో ఒడ్డుననున్న యింజనీరును, ఓడలోనివారును ఏకకాలమున చూచి నిశ్చయింపవచ్చును.

ఇందుకింత శ్రమ యేల యందురేమో. 2017లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా తీరమున 150 ఘనపు అంగుళముల గాలితుపాకి నొక్కదానిని ప్రేల్చి చూచిరి. 1.2 కిలోమీటర్ల దూరమువరకును నీటిలోని సూక్ష్మజీవులు మామూలుకంటె రెండుమూడురెట్లు ఎక్కువగా చచ్చియుండెను. చేపపిల్లల కవియే యాహారము. వెదకు నోడలు లాగు వరుసలో గాలి తరచుగా 3000 ఘనపు అంగుళములకు మించును. తిమింగిలములకు చెవియే కన్నువంటిది. బ్రిటనునందు 1995 నుండి యొక నియమావళి గలదు. ప్రేల్చుటకు ముందు అరగంటసేపు చుట్టును కనిపెట్టి చూడవలయును. 500 మీటర్లలోపల తిమింగిలము కనబడెనా, ఆగవలయును. పిమ్మటను చిన్నతుపాకితో మొదలిడి, 20 నిమిషములకు తక్కువ గాకుండ మెల్లమెల్లగా బలము హెచ్చింపవలయును.

ఎంత గట్టిగా మ్రోయింపగలమని గాక, ఎంత తక్కువ మ్రోతతో పని నెరవేరునని ఈ లెక్కలను మొదట నడుగవలయునని మా యభిప్రాయము. సెకనునకు కొలదివందల కంపనములకు మించిన ధ్వని రాతిపొరలను చూపుటకు పెద్దగా నుపయోగింపదు. అది వృథాగా నీట వ్యాపించి డాల్ఫినుల చెవులకే చేరును. ఆ వృథాయెంతయో గూడ అదే తెరపై లెక్కించి చూపవచ్చును. ఏటేట చలికాలమున మన ఆంధ్రతీరపు టిసుకలో గ్రుడ్లు పెట్ట వచ్చు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈదివచ్చునదియు ఈ బంగాళాఖాతముననే.